పేరు ఒకటే, మనుషులు వేరు

పెట్రా అన్న మాట మొదటిసారి చెవిని పడినప్పుడు అదేదో పెట్రోలు బంకుకు సంబంధించిన వ్యవహారం కాబోలు అనుకున్నాను. అది 1983 డిసెంబరు. మా మేనత్త కొడుకు షికాగో నుంచి క్రిస్మసు సెలవులకు గుంటూరు వచ్చాడు. ఆయన పెట్టెలోంచి సబ్బులూ, సెంటు సీసాలూ, నాన్నగారికి ఒక ఉన్ని స్వెట్టరూ బయటికి వచ్చాయి. (గుంటూరులో ఉన్ని స్వెట్టరు దేనికని ఎవరూ అడగలేదు లెండి.) అన్నిటికన్నా అడుగున మా అన్నయ్య కోసం తెచ్చిన ఒక క్యాసెట్టు ఉంది. దాని పేరు "మోర్ పవర్ టు యా". పాడినవారు పెట్రా.

"ఇది భక్తి సంగీతమే మామయ్యా" అని బావ నాన్నగారి దగ్గర పూచీ పడ్డాడు. నాన్నగారు సంతోషించి పడక్కుర్చీ ముందుకు లాక్కున్నారు. అన్నయ్య టేపు రికార్డరు మీట నొక్కాడు. ఇహ చూసుకోండి! గిటార్లు, డ్రమ్ములు, ఆ పైన ఒక గొంతు. పెరట్లో అంట్లు తోముతున్న మనిషి చేతి పని ఆపి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

నాన్నగారు మర్యాద గల మనిషి. ఒక పాట సాంతం విన్నారు. విని, "ఇందులో దేవుడి పేరు ఎక్కడ వచ్చిందిరా?" అన్నారు.

"వచ్చింది మామయ్యా. మీకు వినపడలేదు."

"ఆయనకు వినపడిందంటావా?" అని లేచి వెళ్ళిపోయారు.

ఆయనను తప్పు పట్టలేను. మా ఇంట్లో దేవుడి పాట అంటే ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. పుస్తకంలో ప్రతి కీర్తన నెత్తిన రాగమూ తాళమూ అచ్చు వేసి ఉంటాయి. పంతొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి గారు మన కర్ణాటక రాగాల్లో కట్టిన కీర్తనలను నాన్నగారు హార్మోనియం ముందు కళ్ళు మూసుకుని పాడేవారు. అన్నయ్య మాత్రం ఆ రాత్రి నాతో, "చౌదరి గారు ఆ కాలపు మనుషుల చెవికి ఎక్కే సంగీతం తీసుకున్నారు. వీళ్ళు ఈ కాలపు మనుషుల చెవికి ఎక్కేది తీసుకున్నారు. తేడా ఏముందిరా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

పెట్రా అంటే గ్రీకు భాషలో రాయి. పేతురు అన్న పేరులో ఉన్నదీ ఆ మాటే. ఇంగ్లీషులో రాయినీ రాక్ అనే అంటారు, ఆ సంగీతాన్నీ రాక్ అనే అంటారు గనక పేరు రెండు విధాలా అమరింది. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో ఫోర్ట్ వేన్ అనే ఊరుంది. 1972లో అక్కడ క్రైస్తవ శిక్షణ పొందుతున్న కుర్రాళ్ళు నలుగురు ఈ బృందం పెట్టారు. గిటారు పట్టిన బాబ్ హార్ట్‌మన్ పాటలు కూడా రాసేవాడు. మరొక గిటారు గ్రెగ్ హఫ్, బేస్ గిటారు జాన్ డిగ్రాఫ్, డ్రమ్ములు బిల్ గ్లోవర్. ఆ ఊళ్ళో ఆడమ్స్ ఆపిల్ అని భక్తులైన కుర్రకారు చేరే ఒక కాఫీ క్లబ్బు ఉండేది. అక్కడ వాయించేవారు. 1974లో మిర్ అనే కంపెనీ వారి మొదటి రికార్డు వేసింది.

రికార్డు వేసినంత మాత్రాన రోజులు మారలేదు. గుడికి వెళ్ళేవారు "ఇది రాక్" అన్నారు. రాక్ వినేవారు "ఇది గుడి" అన్నారు. రెంటికీ చెడ్డ రేవడి అంటారు చూడండి, అదీ వారి స్థితి. 1977లో రెండో రికార్డు వేశారు. ఆర్జెంట్ అనే బృందం వారి పాట ఒకటి, దేవుడే మనకు రాక్ సంగీతం ఇచ్చాడనే పాట, మాటలు కొంత మార్చి అందులో పాడారు. అదైనా తలుపులు తెరవలేదు. 1979లో మూడో రికార్డు వచ్చేసరికి, మొదటి నలుగురిలో ముగ్గురు లేరు. హార్ట్‌మన్ ఒక్కడే మిగిలాడు.

అక్కడ కట్టిపెట్టి ఉంటే మనకు ఈ కథే లేదు. ఆయన కట్టిపెట్టలేదు. అప్పటికి గ్రెగ్ వోల్జ్ అనే గాయకుడు వచ్చి చేరాడు. పైస్థాయిలో కూడా తీపి చెడని గొంతు ఆయనది. 1981లో "నెవర్ సే డై" వేశారు. అందులో "కలరింగ్ సాంగ్" అని ఒక మెత్తని పాట ఉంది. అది బృందంలోని వారు రాసింది కాదు, డేవ్ ఈడెన్ అనే ఆయన రాసింది. క్రైస్తవ రేడియో స్టేషన్లు ఆ పాటను ఎత్తుకున్నాయి. తొమ్మిదేళ్ళు గట్టిగా వాయించినా తెరుచుకోని తలుపు ఒక్క మెత్తని పాటకు తెరుచుకుంది. అదే ఏడు డ్రమ్ముల దగ్గరికి లూయీ వీవర్ వచ్చాడు, బేస్ గిటారుకు మార్క్ కెల్లీ వచ్చాడు. మా ఇంటికి వచ్చిన క్యాసెట్టు ఆ మరుసటి ఏడు, 1982లో వేసినది.

అందులో ఒక తమాషా ఉంది. ఆ రోజుల్లో అమెరికాలో ఒక భయం బయల్దేరింది. రాక్ రికార్డులను వెనక్కు తిప్పి వింటే దయ్యాన్ని పొగిడే మాటలు వినిపిస్తాయని గుళ్ళలో పెద్దలు చెప్పేవారు. పెట్రావారు ఏం చేశారంటే, "జూడాస్ కిస్" అనే పాట ముందు నిజంగానే ఒక మాట తలకిందులుగా రికార్డు చేసి పెట్టారు. వెనక్కు తిప్పి వింటే, దేవుణ్ణి వెతుక్కోవలసింది పోయి దయ్యం కోసం ఎందుకయ్యా వెతుకుతున్నావని అడుగుతుంది! ఈ సంగతి బావ చెప్పగా విని మేము నమ్మాము. మా టేపు రికార్డరుకు వెనక్కు వాయించే విద్య రాదు.

మరి మా ఊళ్ళో పెట్రా వెలియకుండా ఉంటుందా? వెలిసింది. అన్నయ్య గిటారు, మా గుడిలో తబలా వాయించే కుర్రాడి డ్రమ్ములు, గత్యంతరం లేక నా హార్మోనియం. పాడేవాడు అన్నయ్య ప్రాణస్నేహితుడు. అతను గొంతెత్తితే నాన్నగారు కూడా చేతిలో పేపరు దించేవారు. యవ్వనస్థుల కూటాల్లో రెండేళ్ళు మా రాజ్యం సాగింది. క్యాసెట్టులోని రెండు పాటలకు అన్నయ్య తెలుగు మాటలు కూర్చాడు. అవి ఏమంత బాగుండేవి కావు గాని, స్నేహితుడి గొంతులో పడితే బాగున్నట్టే ఉండేవి.

1986 సెప్టెంబరులో స్నేహితుడికి బ్యాంకు ఉద్యోగం వచ్చింది. విశాఖపట్నంలో వేశారు. తండ్రి లేని సంసారం, ఇద్దరు చెల్లెళ్ళు. వెళ్ళక ఏం చేస్తాడు? అన్నయ్య స్టేషనుకు కూడా వెళ్ళలేదు. "నడిమధ్యలో వదిలిపోయాడు" అన్నాడు. క్రిస్మసుకు మూడు నెలలుంది. క్వయరులో పాడే ఒక దర్జీగారి అబ్బాయి, పదహారేళ్ళవాడు, నేను పాడతానండీ అంటూ వచ్చాడు. గొంతు కొంచెం జీర. కాని శ్రుతి తప్పడు. మూడు సాయంత్రాలు వచ్చాడు. మూడో సాయంత్రం పాట సగంలో ఉండగా అన్నయ్య గిటారు పెట్టెలో పెట్టేశాడు.

"చాల్లే బాబూ. ఇది వాడి పాట. ఇంకొకరు పాడేది కాదు" అన్నాడు.

ఆ అబ్బాయి ఏమీ అనలేదు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకోవడానికి చాలాసేపు పట్టింది. నేను హార్మోనియం మెట్ల మీద దుమ్ము తుడుస్తున్నాను. దాని మీద దుమ్మేమీ లేదు.

మా బృందం ఆ సాయంత్రంతో సరి. విశాఖపట్నం నుంచి ఉత్తరాలు రెండు మూడు వచ్చాయి. అన్నయ్య జవాబు రాయలేదు.

విచిత్రమేమిటంటే పెట్రాకూ అదే సమయంలో అదే ముచ్చట జరిగింది. వోల్జ్ బృందం వదిలి సొంతంగా పాడుకోవడానికి వెళ్ళిపోయాడు. వోల్జ్ లేని పెట్రా ఏమిటని అభిమానులు ముక్కున వేలేసుకున్నారు. 1986లో ఆయన చోటికి వచ్చినవాడు జాన్ ష్లిట్. ఇతని పూర్వ చరిత్ర వినదగింది. హెడ్ ఈస్ట్ అనే లౌకిక రాక్ బృందంలో పేరున్న గాయకుడు. తాగుడూ, కొకైనూ మరిగి, 1980లో ఆ బృందం చేతనే వెళ్ళగొట్టించుకున్నాడు. తరవాత భక్తి మార్గంలోకి తిరిగి, పాట జోలికే పోకుండా, అందరిలా ఉద్యోగం చేసుకుంటూ భార్యాపిల్లలతో కాలక్షేపం చేస్తున్నాడు. అలాంటివాణ్ణి హార్ట్‌మన్ పిలిచాడు. తీపి గొంతు ఉన్న చోటికి గరుకు గొంతు వచ్చింది. హార్ట్‌మన్ ఆ గరుకుకు తగినట్టు పాటలు రాశాడు. వోల్జ్ లాగా పాడమని ఇతన్ని వేధించలేదు. నాకు ఇందులో గొప్ప అనిపించేది ఇదే.

1987లో జిమ్మీ స్వాగర్ట్ అనే టెలివిజన్ బోధకుడు, క్రైస్తవ రాక్ అంటే గొర్రెతోలు కప్పుకున్న తోడేలని ఏకంగా పుస్తకమే వేశాడు. పెట్రా మాత్రం వాయిస్తూనే ఉంది. 1988 నుంచి 1994 దాకా హార్ట్‌మన్, ష్లిట్, వీవర్, కీబోర్డు మీద జాన్ లారీ, బేస్ గిటారు రానీ కేట్స్, ఈ అయిదుగురూ కదలకుండా నిలిచారు. ఆ బృందం చరిత్రలో ఇదొక వింతే. 1990లో "బియాండ్ బిలీఫ్", 1991లో "అన్‌సీన్ పవర్", 1993లో "వేకప్ కాల్" వేశారు. మూడింటికీ గ్రామీ బహుమతులు వచ్చాయి.

బావ రెండేళ్ళకోసారి వస్తూ క్యాసెట్లు తెచ్చేవాడు. అన్నయ్య ఒక్కటీ ముట్టలేదు. "పెట్రా 1985లోనే పోయింది. ఇది పేరు మోసుకుతిరిగే కంపెనీ" అనేవాడు. నేను రాత్రిపూట చిన్నగా పెట్టుకుని వినేవాణ్ణి. ష్లిట్ పైస్థాయికి పోయి గొంతు జీరపోయినప్పుడల్లా, ఎందుకో, గుమ్మంలో చెప్పులు వెతుక్కున్న ఆ అబ్బాయి గుర్తుకు వచ్చేవాడు. అప్పుడు టేపు ఆపేసేవాణ్ణి.

అన్నయ్య మాటలో సత్యం లేదని కాదు. ఒక పేరు కింద ఎందరు మారితే ఆ పేరు అబద్ధమవుతుంది? వచ్చిపోయినవారిని లెక్కపెట్టడానికి రెండు చేతుల వేళ్ళూ చాలవు. బాణీ కూడా ఒకటి కాదు. మొదటి రికార్డులో అమెరికా పల్లెటూరి వాసన ఉంటుంది. 1985 నాటి "బీట్ ద సిస్టమ్" నిండా మిషను మోతలు. 1989లో వేసినది గుళ్ళో అందరూ కలిసి పాడుకునే స్తుతిగీతాల తీరు. 2000లో పాత పాటలనే చప్పుడు తగ్గించి మళ్ళీ పాడి "డబుల్ టేక్" అన్నారు. దానికీ ఒక గ్రామీ. ఆ ఏడే గాస్పెల్ సంగీత సంఘం వారు తమ కీర్తిమందిరంలో పెట్రాకు చోటిచ్చారు. రాక్ బృందానికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు. అయితే గమ్మత్తు చూడండి. 1972లో మొదలుపెట్టినవారిలో ఒక్కడూ అప్పటికి వేదిక మీద లేడు! హార్ట్‌మన్ కూడా 1995లోనే ఊళ్ళు తిరగడం మాని, ఇంటి దగ్గర కూర్చుని పాటలు రాసి పంపేవాడు. ఆయన గిటారు వేరే కుర్రాళ్ళ చేతుల్లోకి వెళ్ళింది.

నాకు మన సురభివారు జ్ఞాపకం వస్తారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు మొదలుపెట్టిన నాటకం. చిన్నప్పుడు నేను చూసిన కృష్ణుడు వేరు, నా కూతురికి చూపించిన కృష్ణుడు వేరు. నా కూతురు ఈయన కృష్ణుడు కాడని ఏడవలేదు. నేను మాత్రం పక్కన కూర్చుని పాత కృష్ణుడితో పోల్చి చూసుకుంటున్నాను.

2003లో హార్ట్‌మన్ మళ్ళీ గిటారు తగిలించుకుని బండెక్కాడు. ఇరవై రెండేళ్ళు డ్రమ్ములు వాయించిన వీవర్ ఆ ఏడే బృందానికి దూరమయ్యాడు. ఆ సంవత్సరం వేసిన "జెకిల్ అండ్ హైడ్"లో డ్రమ్ములు వాయించినది మరొక బృందం మనిషి, న్యూస్‌బాయ్స్ వారి పీటర్ ఫర్లర్. 2005లో ఇహ సెలవన్నారు. వీడ్కోలు కచేరీని అక్టోబరులో టెనెసీ రాష్ట్రంలోని ఫ్రాంక్లిన్‌లో రికార్డు చేశారు. ఆ వేదిక మీదికి వోల్జ్‌ను పిలిచారు. ఇరవై ఏళ్ళ కిందట వెళ్ళిపోయినవాడు వచ్చి పాడాడు. ఆయన చోట నిలబడి ఇరవై ఏళ్ళు పాడినవాడు పక్కనే ఉన్నాడు. ఆఖరి కచేరీ ఆ డిసెంబరు 31 రాత్రి నార్త్ కెరొలైనాలోని మర్ఫీలో మొదలై కొత్త సంవత్సరంలో ముగిసింది.

ముగిసిందన్న మాటే గాని, పెట్రాకు ముగియడం చేతకాదు. 2010లో వోల్జ్, వీవర్, కెల్లీ, లారీ, హార్ట్‌మన్ కలిసి "క్లాసిక్ పెట్రా" అన్నారు. బృందానికి యాభై ఏళ్ళు నిండాక ష్లిట్‌తో మళ్ళీ కూడారు. 2024లో "హోప్" అని కొత్త రికార్డు వేశారు. అప్పటికి ష్లిట్‌కు డెబ్బై నాలుగేళ్ళు.

నాన్నగారు 1998లో పోయారు. అన్నయ్య ఉద్యోగం విరమించి ఇప్పుడు మా వీధిలోనే ఉంటున్నాడు. 2024 క్రిస్మసుకు మా అమ్మాయి వచ్చినప్పుడు, కంప్యూటరులో పాటను వెనక్కు తిప్పవచ్చునని మాటల్లో చెప్పింది. అన్నయ్య కుర్చీలోంచి లేచాడు. నలభై ఒక్క ఏళ్ళుగా నమ్మిన మాటను ఆ సాయంత్రం చెవులారా విన్నాము. దయ్యం కోసం వెతకడం దేనికన్న ఆ ప్రశ్న, అరనిమిషం, అంతే. అన్నయ్య పడీపడీ నవ్వాడు. ఆ నవ్వు ఊపులో, "ఆ కొత్తదేదో కూడా పెట్టమ్మా" అన్నాడు.

మా అమ్మాయి "హోప్" పెట్టింది. అన్నయ్య మూడు పాటలు కదలకుండా విన్నాడు.

"ఇతనేనా, తరవాత వచ్చినవాడు?"

"ఇతనే. ముప్పై ఎనిమిదేళ్ళయింది వచ్చి."

చాలాసేపు ఊరుకున్నాడు. విశాఖపట్నం స్నేహితుడి సంగతి ఎత్తుతాడేమో అనుకున్నాను. ఎత్తలేదు.

"ఆ దర్జీగారి అబ్బాయి ఎక్కడున్నాడో తెలుసా?" అన్నాడు.

తెలుసు. ముప్పై ఏళ్ళుగా నా చొక్కాలు కుడుతున్నది అతనే. తండ్రి షాపే నడుపుతున్నాడు. మిషను తొక్కుతూ ఏదో ఒకటి పాడుకుంటూ ఉంటాడు. నేను గుమ్మం ఎక్కగానే ఆపేస్తాడు. కాలరు గురించీ, గుడ్డ ముడుచుకోవడం గురించీ మాట్లాడుకుంటాము. ఇన్నేళ్ళలో ఆ మూడు సాయంత్రాల ప్రసక్తి అతనూ తేలేదు, నేనూ తేలేదు. ఇదంతా అన్నయ్యకు చెప్పాను. నేను ముప్పై ఏళ్ళు ఎందుకు చెప్పలేదని అన్నయ్య అడగలేదు.

మర్నాడు సాయంత్రం బజారులో రెండున్నర మీటర్ల తెల్ల పాప్లిను కొన్నాడు. అన్నయ్యకు బీరువా నిండా చొక్కాలున్నాయి. పొట్లం చంకలో పెట్టుకుని నాతో కూడా షాపు మెట్లెక్కాడు. లోపల పాట ఆగిపోయింది. దర్జీ తలెత్తి చూసి, కళ్ళద్దాలు సవరించుకుని, లేచి నిలబడ్డాడు. అతనికీ జుట్టు నెరిసింది. ఇద్దరూ మాట్లాడలేదు. చివరకు అతనే పొట్లం అందుకుని, గుడ్డ విప్పి చూసి, "ఆది చొక్కా తెచ్చారాండీ?" అన్నాడు.

"లేదు. కొత్తగా కొలత తీసుకో" అన్నాడు అన్నయ్య.

అతను మెడలోంచి టేపు తీశాడు. అన్నయ్య చేతులు చాచి నిలబడ్డాడు.